సరస్సులో ఈత తర్వాత దురద: ఆ పురుగు ఎప్పుడో చచ్చిపోయింది

ప్రశ్న: మూడు రోజుల కిందట కుటుంబమంతా ఒక సరస్సుకు వెళ్ళాం. మావారు, తొమ్మిదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు నీళ్ళలో దిగారు. బాబు ఉదయం పూట రెండు గంటల పాటు, ఇంకా ఎక్కువే, ఒడ్డునే, తుంగ మొలిచిన చోట, మోకాలి లోతు నీళ్ళలో ఆడాడు. తిరిగి వచ్చే దారిలోనే కాళ్ళు చిమచిమలాడుతున్నాయన్నాడు. తెల్లవారేసరికి పిక్కల నిండా పొక్కులు. నిక్కరు ఉన్నంత మేర మాత్రం ఒక్కటీ లేదు. ఏటా అక్కడే ఈదే మావారికి అందరికన్నా ఎక్కువ వచ్చాయి. పాపకు నాలుగైదు వచ్చాయి. మొదటిసారి దిగిన అక్క కొడుక్కి అసలు లేవు. క్రిమినాశక ద్రావణం కలిపిన వేడినీళ్ళతో ఒళ్ళు రుద్ది స్నానం చేయించాను, దుప్పట్లు ఉడకబెట్టాను, బాబును వేరే గదిలో పడుకోబెడుతున్నాను. నీళ్ళలోని పురుగులు ఒంట్లో దూరి గుడ్లు పెడతాయని ఒకరు చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నులిపురుగుల మాత్ర వేయాలా? ఇది అంటుకుంటుందా? మళ్ళీ ఆ నీళ్ళలో దిగవచ్చా? సరస్సులో మైలతుత్తం చల్లిస్తే పీడ విరగడవుతుందంటున్నారు, నిజమేనా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మిగతా సంగతులన్నీ తర్వాత. ముందు బాబును ఈ రాత్రే చెల్లెలి పక్కకు తెచ్చి పడుకోబెట్టండి. మీరు రాసిన ఆనవాళ్ళను బట్టి ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. ముట్టుకుంటే రాదు, ఒకే తువ్వాలు వాడినా రాదు, ఒకే దుప్పటి కప్పుకున్నా రాదు. దుప్పట్లు ఉడకబెట్టే శ్రమ కూడా మానేయండి. ఒళ్ళు దురదతో నలిగిపోతున్న పిల్లవాడు, తనను ఎవరూ ముట్టుకోకూడదని అనుకుంటూ గదిలో ఒంటరిగా పడుకోవడం నాకు ఆ పొక్కుల కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

ఇక మీ నిద్ర చెడగొట్టిన మాట. చర్మంలోకి ఒక పురుగు పిల్ల దూరిందన్నది నిజమే. అది గుడ్లు పెడుతుందన్నది నిజం కాదు. గుడ్లు పెట్టే వయసు దానికి రాలేదు, మనిషి ఒంట్లో ఎప్పటికీ రాదు కూడా. మీరు వేడినీళ్ళు కాచే సమయానికే అది చర్మంలో చచ్చిపోయి ఉంటుంది. ఇప్పుడు మీ వాళ్ళను బాధపెడుతున్నది ఆ చచ్చిన పురుగు మీద వాళ్ళ ఒళ్ళు చేస్తున్న యుద్ధం. వైద్యం ఆ యుద్ధాన్ని చల్లార్చడానికే కావాలి, పురుగును చంపడానికి కాదు. ఈ తేడా తెలియక ఎంతోమంది చర్మాన్ని గీకి, కాల్చి, ఘాటైన మందులు పూసి, వారంలో పోయేదాన్ని నెలకు సాగదీసుకుంటారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దీన్ని ఈతగాళ్ళ దురద అంటారు. వైద్యుల భాషలో సెర్కేరియల్ డెర్మటైటిస్. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డగ్లస్ అనే సరస్సు దగ్గర పనిచేస్తూ విలియం కోర్ట్ అనే పరాన్నజీవుల శాస్త్రవేత్త 1928లో దీని కారణాన్ని తేల్చి చెప్పారు. అంతవరకు నీళ్ళు పడలేదనో, నాచు కుట్టిందనో జనం అనుకునేవారు. కారణం నీటి మురికి కాదు. అద్దంలా తేటగా ఉన్న సరస్సులోనూ ఇది వస్తుంది. కాబట్టి పిల్లలను మురికినీళ్ళలో దించానని మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

కథ బాతులతో మొదలవుతుంది. బాతులు, హంసలు, నీటికాకుల వంటి పక్షుల రక్తనాళాల్లో సన్నని పురుగులు కాపురం ఉంటాయి. వాటి గుడ్లు రెట్టతో పాటు నీళ్ళలో పడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నీటి నత్తను వెతుక్కుంటుంది. తగిన జాతి నత్త దొరికితే అందులో దూరి, కొన్ని వారాల్లో ఒకటి వేలుగా పెరుగుతుంది. ఆ తర్వాత నత్తలోంచి కంటికి ఆనీ ఆనని సైజులో, చివర చీలిన తోకతో పురుగు పిల్లలు నీళ్ళలోకి వస్తాయి. వెలుగు పడినప్పుడు ఎక్కువగా వస్తాయి, వచ్చి నీటి పైభాగానికి చేరతాయి. గాలి ఎటు వీస్తే అటు ఒడ్డుకు కొట్టుకుపోతాయి. వాటి ఆయుష్షు దాదాపు ఒక్కరోజు. ఆ లోపు ఒక బాతు కాలు దొరకాలి. బాతు చర్మంలో ఉండే కొవ్వు పదార్థాల ఆనవాలును పట్టుకుని అవి అంటుకుంటాయి. మన చర్మంలోనూ అలాంటి కొవ్వులే ఉన్నాయి. అందుకే పొరపాటుపడి మీ బాబు పిక్కలోకి దూరాయి. బాతు ఒంట్లో దొరికే దారి మనిషి ఒంట్లో దొరకదు. అక్కడితో వాటి కథ ముగిసిపోతుంది.

పశువుల రక్తంలో బతికే ఇదే కుటుంబపు పురుగులు కూడా ఈ పని చేస్తాయి. ఆసియాలో వరి మళ్ళలో గంటల తరబడి నీళ్ళలో నిలబడే వారికి కాళ్ళకు వచ్చే దురద దద్దుర్లలో కొన్నింటికి ఇవే మూలం. ఈత మాట లేకపోయినా జబ్బు మాత్రం అదే.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపి ఆలోచింపజేసిన వాక్యానికి వస్తాను. నిక్కరు ఉన్నంత మేర ఒక్కటీ లేదన్నారు. ఈ జబ్బును గుర్తుపట్టడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. పొక్కులు ఎక్కడ ఉన్నాయన్నది అందరూ చూస్తారు, ఎక్కడ ఆగిపోయాయన్నది చూసేవారు తక్కువ. బాబును వెలుతురులో నిలబెట్టి మరొకసారి చూడండి. మోకాలి లోతు నీళ్ళలోనే ఉన్నాడు కాబట్టి పొక్కులు పిక్కల మీద, మోకాళ్ళ చుట్టూ గుంపుగా ఉండి, పైకి పోయేకొద్దీ పలచబడాలి. బట్ట కప్పిన చోట దాదాపు ఉండకూడదు. ఈది వచ్చిన మీవారికైతే భుజాలు, ఛాతీ, చేతుల మీద కూడా ఉంటాయి. ఒక్కో పొక్కు ఒక్కో పురుగు దూరిన చోటు. మొదట సూదిమొనంత చుక్క, కొద్ది గంటల్లో చిన్న గట్టి బొడిపె, కొందరికి దాని మీద నీటిబొబ్బ. పుస్తకాలు ఎర్రని పొక్కులని రాస్తాయి. చామనఛాయ, నలుపు రంగు ఒంటి మీద ఆ ఎరుపు కనబడకపోవచ్చు. ముదురు గోధుమరంగు మచ్చల్లా కనిపిస్తాయి, లేదా కంటికి ఆనకుండా వేళ్ళకే తగులుతాయి. కళ్ళు మూసుకుని అరచేతితో మెల్లగా నిమిరి చూడండి, గరుకు తెలిసిపోతుంది.

రెండో ఆధారం వేళ. నీళ్ళలోంచి వచ్చిన కొద్దిసేపటికే చిమచిమ, ఆ తర్వాత కొంత ఊరట, పన్నెండు గంటల లోపు పొక్కులు, ఆపైన ఒకటి రెండు రోజులు విపరీతమైన దురద. మీ బాబు దారిలోనే కాళ్ళు చిమచిమలాడుతున్నాయన్నాడు, చూశారా, అదే మొదటి మెట్టు. కొందరికి మాత్రం మొదటి గుర్తులు కనబడటానికే ఒకటి రెండు రోజులు పడుతుంది.

అందరూ ఒకే నీళ్ళలో దిగితే ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకయింది? ఏటా ఈదే మీవారికి ఎక్కువ, మొదటిసారి దిగిన పిల్లవాడికి ఏమీ లేదు. ఇది వింతగా తోచినా, ఈ జబ్బు స్వభావమే అది. ఇది ఒక రకమైన ఎలర్జీ. మొదటిసారి ఆ పురుగు చర్మంలో చచ్చినప్పుడు ఒళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోదు, కానీ గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి, మూడోసారి దూరినప్పుడు వెంటనే, గట్టిగా విరుచుకుపడుతుంది. కాబట్టి మీవారి ఒళ్ళు బలహీనమైనదని కాదు, దానికి జ్ఞాపకం ఎక్కువ. మీ అక్క కొడుకు అదృష్టవంతుడని కూడా అనుకోవద్దు. వాడి చర్మంలోకీ కొన్ని దూరి ఉండవచ్చు, వచ్చే ఏడాది వాడి వంతు కావచ్చు. పాపకు నాలుగైదే వచ్చాయంటే లోతు నీళ్ళలో ఉందో, తక్కువసేపు ఉందో, లేక దానికీ ఇదే మొదటిసారో అయి ఉంటుంది.

దీన్ని పోలినవి వేరే ఉన్నాయి కాబట్టి వాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. సముద్రంలో ఈదాక సరిగ్గా ఈత దుస్తుల కిందనే పొక్కులు వస్తే అవి జెల్లీచేపల పిల్లలు బట్టలో చిక్కుకుని కుట్టినవి. అక్కడ చేయవలసిన మొదటి పని ఆ బట్టలు విప్పేయడం, ఆ తర్వాతే మంచినీళ్ళ స్నానం. వేడినీటి తొట్టెల్లో కూర్చున్నాక ఒకటి రెండు రోజులకు వెంట్రుకల మొదళ్ళలో చీము మొనలతో పొక్కులు లేస్తే అది సూడోమోనాస్ అనే బాక్టీరియా పని. నీటిమీద ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్లు తెట్టు కట్టి ఉన్నచోట దిగాక దద్దుర్లతో పాటు కళ్ళ మంట, వాంతులు వస్తే నీలి ఆకుపచ్చ నాచు విషాన్ని అనుమానించాలి, ఆలస్యం చేయకుండా వైద్యుడిని కలవాలి. అలాంటి తెట్టు ఉన్న నీళ్ళు తాగి కుక్కలు చనిపోతాయి. పిల్లలను ఆ దరిదాపులకు కూడా పోనివ్వకండి. గజ్జి అయితే వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ ఉంటుంది, రాత్రి పెరుగుతుంది, ఇంట్లో నీళ్ళలో దిగని వారికి కూడా పాకుతుంది. మీరు గట్టునే ఉన్నారో లేదో రాయలేదు. నీళ్ళలో దిగకుండానే మీకు కూడా దురద మొదలైందంటే మాత్రం నేను చెప్పినదంతా పక్కనపెట్టి గజ్జి సంగతి చూపించుకోండి.

వైద్యానికి వద్దాం. ముందు మానవలసినవి. క్రిమినాశక ద్రావణం ఇక వద్దు. చంపడానికి అక్కడ ఏమీ లేదు, పైగా అది పగిలిన చర్మాన్ని మరింత మండిస్తుంది. వేడినీళ్ళు పోసినప్పుడు దురద ఒక్క క్షణం తగ్గినట్లు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత రెట్టింపవుతుంది. నులిపురుగుల మాత్ర అక్కర్లేదు. కడుపులోని పురుగులకు ఇచ్చే మందుకు ఇక్కడ పని లేదు. అన్నింటికన్నా ముఖ్యంగా, స్టెరాయిడు, శిలీంధ్రాల మందు, యాంటీబయాటిక్ మూడూ ఒకే ట్యూబులో కలిపిన పూతమందు ఎవరైనా చేతిలో పెడితే తీసుకోకండి. అన్ని జబ్బులకూ ఒకే మందన్న ఆశతో వాటిని పూసి పూసి, పలచబడి చారలు పడిన చర్మంతో వైద్యుల దగ్గరకు వచ్చేవారు ఎందరో. పిల్లల చర్మం మీద ఆ ప్రయోగం అసలు వద్దు.

చేయవలసినది చల్లదనం. మెత్తని నూలుగుడ్డను చల్లని నీళ్ళలో ముంచి, పిండి, పొక్కుల మీద పది పదిహేను నిమిషాలు పరిచి ఉంచండి. రోజుకు ఎన్నిసార్లైనా సరే, ముఖ్యంగా పడుకోబోయే ముందు. స్నానం చల్లని లేదా గోరువెచ్చని నీళ్ళతో, సబ్బు రుద్దకుండా. వంటసోడాలో కొద్దిగా నీళ్ళు కలిపి ముద్దగా చేసి పొక్కుల మీద పెడితే కొందరికి బాగా ఉపశమనం ఇస్తుంది. మెత్తగా పొడిచేసిన ఓట్స్ కలిపిన నీళ్ళతో స్నానం కూడా అంతే. క్యాలమైన్ లోషన్ సీసాను బాగా కుదిపి దూదితో అద్దండి, గీకి పుండు పడిన చోట మాత్రం వద్దు. వీటితో సరిపోకపోతే ఒక శాతం హైడ్రోకార్టిజోన్ పూతమందును పలచగా, రోజుకు రెండుసార్లు, కొద్ది రోజుల పాటు వాడవచ్చు. ముఖానికి, పుండ్లకు పూయకూడదు. పిల్లలకు వాడేముందు వైద్యుడిని ఒక మాట అడగండి. దురద తగ్గించే సెట్రిజిన్ వంటి మందు పిల్లలకు వయసును, బరువును బట్టి ఇవ్వాలి, మోతాదును ఊహించి పోయకండి. ఈ మందులు కొందరికి మత్తు తెస్తాయి కాబట్టి మీవారు వేసుకుంటే ఆ పూట బండి నడపకపోవడం మంచిది.

గోళ్ళు ఈ రోజే కత్తిరించండి. గోకవద్దని బాబును గదమాయిస్తే లాభం లేదు. నిద్రలో చేయి తనంతట తానే పోతుంది. వదులుగా ఉండే నూలు పైజామా వేయండి. మెలకువలో దురద పుట్టినప్పుడు గోటితో గీకకుండా అరచేతితో అదిమి పట్టుకోవడం నేర్పండి. ఆ తడిగుడ్డను వాడి చేతికే ఇచ్చి తనే పెట్టుకోమనండి. తన దురద తన చేతిలో ఉందని తెలిస్తే పిల్లలకు సగం దిగులు తీరుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు గడిస్తే తగ్గుముఖం పడుతుంది. ఎక్కువమందికి వారంలో, కొందరికి రెండు వారాల్లో పూర్తిగా పోతుంది. మీవారికి మరికొంత ఆలస్యం కావచ్చు.

ఎప్పుడు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలో గుర్తుపెట్టుకోండి. గీకినచోట తేనెరంగు పెచ్చులు కట్టినా, చీము పట్టినా, పొక్కు చుట్టూ వేడి, వాపు పెరుగుతూ పోయినా, చర్మం మీద ఎర్రని గీత పాకుతున్నట్లు కనిపించినా, జ్వరం వచ్చినా అది బాక్టీరియా చేరిన గుర్తు. అప్పుడు యాంటీబయాటిక్ అవసరం పడవచ్చు. దురదతో బాబు వరుసగా రాత్రుళ్ళు నిద్రపోలేకపోయినా చూపించండి. పెదవులు, కనురెప్పలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా అత్యవసర చికిత్సకు తీసుకెళ్ళండి. మరో సంగతి. నీళ్ళలో దిగకుండానే వారం తర్వాత కొత్త పొక్కులు పుడుతూ ఉంటే అది ఈ జబ్బు కాదు, వేరే కారణం వెతకాలి.

మీరు వెళ్ళిన సరస్సు ఏ దేశంలోనిదో రాయలేదు కాబట్టి ఒక్క జాగ్రత్త చెప్పక తప్పదు. ఈ పురుగుల కుటుంబంలోనే మనిషిని నిజంగా తన ఇల్లు చేసుకునేవి కొన్ని ఉన్నాయి. వాటివల్ల వచ్చే జబ్బు షిస్టోసోమియాసిస్. మీరు విన్న గుడ్ల భయం పుట్టింది అక్కడి నుంచే. ఆ జబ్బుకు చికిత్స అవసరమయ్యేవారిలో అత్యధికులు ఆఫ్రికా ఖండంలో ఉన్నారు. విక్టోరియా, మలావి వంటి సరస్సుల్లో దిగినవారు దురద తగ్గిపోయిందని ఊరుకోకూడదు. కొన్ని వారాల తర్వాత జ్వరం, దగ్గు, కడుపునొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే ఆ నీళ్ళలో దిగిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. ఏ బాధా లేకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది, అంతకు ముందు చేస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. దానికి ప్రాజిక్వాంటెల్ అనే మంచి మందు ఉంది. మీ సరస్సు అలాంటి చోటిది కాకపోతే ఈ పేరా మీది కాదు, చదివి వదిలేయండి.

మళ్ళీ దిగవచ్చా అని అడిగారు. దిగవచ్చు, ఈ వేసవిలో అదే మూలకు మాత్రం వద్దు. పురుగు పిల్లలు నత్తలు ఉన్నచోట పుడతాయి. నత్తలు తుంగలో, నాచులో, ఒడ్డున ఎండకు వేడెక్కిన లోతు తక్కువ నీళ్ళలో ఉంటాయి. మీ బాబు రెండు గంటలు ఆడింది సరిగ్గా వాటి పెరట్లో. లోతు నీళ్ళున్న చోట, వీలైతే మొక్కలు లేని ఇసుక ఒడ్డున దిగండి. గాలి సరస్సు వైపు నుంచి మీరున్న గట్టుకు వీస్తుంటే ఆ రోజు ఎదుటి గట్టు మేలు. ఉదయపు వేళ కన్నా మధ్యాహ్నం దాటాక దిగడం కొంత నయం. పొడుగు చేతుల, బిగుతైన ఈత దుస్తులు పిల్లలకు మంచి కవచం. నిర్వహణ బాగుండి క్లోరిన్ సరిగా కలిపే ఈతకొలనుల్లో ఈ బెడద ఉండదు.

అన్నింటికన్నా తువ్వాలును నమ్ముకోండి. కొన్ని పురుగులు నీళ్ళలో ఉండగానే దూరతాయి, మిగతావి ఒంటిమీద నిలిచిన తడిలో ఉండి చర్మాన్ని వెతుకుతూ ఉంటాయి. పిల్లవాడు గట్టు ఎక్కి, ఒంటినుంచి నీళ్ళు కారుతుండగా ఎండలో నిలబడి ఆరడమే ప్రమాదం. ఎక్కగానే, మాటలు పెట్టుకోకుండా, గట్టిగా ఒత్తి తుడవండి. పిక్కలు, మోకాలి వెనక మడత, పాదాల పైభాగం మరిచిపోకుండా తుడవండి. దగ్గరలో మంచినీళ్ళ స్నానానికి వీలుంటే అది చేసి మళ్ళీ తుడవండి. నీళ్ళలోకి దిగి ఎక్కిన ప్రతిసారీ ఇలా చేయాలి, ఇంటికి బయలుదేరే ముందు ఒక్కసారి చేస్తే చాలదు. ఇది కూడా పూర్తి రక్షణ ఇవ్వదు, పొక్కుల సంఖ్య మాత్రం తగ్గిస్తుంది. ఈత దగ్గర బాతులకు తిండి వేయడం పిల్లలకు ఎంత ఇష్టమైనా మాన్పించండి. బాతులు అక్కడే మకాం వేస్తే పైన చెప్పిన కథ మళ్ళీ మొదలవుతుంది.

చివరగా మైలతుత్తం. అది నత్తలను చంపుతుంది, ఆ మాట నిజం. ఒకప్పుడు చాలాచోట్ల సరస్సుల్లో వాడారు కూడా. నత్తలతో పాటు చేపలకు, నీటిలోని ఇతర ప్రాణులకు కూడా అది విషమే. అందులోని రాగి అడుగు మట్టిలో పేరుకుంటుంది. కొంతకాలానికి నత్తలు పక్కనుంచి మళ్ళీ వస్తాయి, బాతులు ఎలాగూ వస్తాయి. రెండు వారాల దురద కోసం ఒక సరస్సుకు విషం పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. మీ పొరుగువారు ఆ ప్రయత్నంలో ఉంటే దయచేసి ఆపించండి. ఏ గట్టున నత్తలు, తుంగ ఎక్కువో చూసి, ఇక్కడ దిగితే దురద వస్తుంది, వెంటనే తుడుచుకోండి అని అక్కడ ఒక పలక పెట్టించడానికి ఆ ఉత్సాహాన్ని వాడితే వచ్చే ఏడాది ఎందరో పిల్లలు హాయిగా నిద్రపోతారు.

పొక్కులు తగ్గాక బాబు పిక్కల మీద నల్లని మచ్చలు కొన్ని నెలలు మిగలవచ్చు. వాటికి ఏ మందూ పూయకండి. ఎండ తగలకుండా చూస్తే వాటంతట అవే మాసిపోతాయి.